కీలెరిగిన వైద్యుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

కీలెరిగి వాత పెట్టవలెనని మన పెద్దల సామెత. నొప్పి ఎక్కడ పుట్టినదో, దానికి మూలమైన కీలు ఏదో తెలియకుండ కాల్చిన వాత బాధను తీర్చకపోగా కొత్త పుండును మిగుల్చుతుంది. వైద్యశాస్త్ర సారమంతా ఈ చిన్న సామెతలో ఇమిడి ఉన్నదని మేము భావిస్తాము. ఆ సామెతను తన జీవితంతో నిజం చేసిన తెలుగు బిడ్డ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన కనుగొన్న మందుల పేర్లను ఏకరువు పెట్టిన వ్యాసములు చాల వచ్చినవి. మేము ఆయన జీవితాన్ని వేరొక దారిన చెప్పదలచినాము. మానవుని అస్థిపంజరమును, దాని కీళ్ళను ముందుంచుకొని, ఆ ఎముకల ఇంటిలో ఆయన ఏ ఏ గదులలో దీపం వెలిగించినారో చూపడమే మా ఉద్దేశం.

మా నస్పూర్ చుట్టుపట్ల నేల క్రింద ఉన్న బొగ్గు కోట్ల సంవత్సరముల నాటి అరణ్యముల అవశేషం. ఎముకను గురించి కూడ చాలమంది అట్లే తలుస్తారు. ప్రయోగశాలలో ఇనుప కొక్కెమునకు వ్రేలాడే అస్థిపంజరమును చూచి, ఎముక అనగా ప్రాణం పోయిన పిదప మిగిలే గట్టి వస్తువు మాత్రమే అనుకొంటారు. ఇది సరికాదు. బ్రతికి ఉన్నవాని ఎముక కూడ బ్రతికే ఉంటుంది. దానికి రక్తనాళములు కలవు, నాడులు కలవు. పాత ఎముకను కరగించే కణములు కొన్ని, కొత్త ఎముకను పేర్చే కణములు కొన్ని దానిలో రేయింబవళ్ళు పనిచేస్తూ ఉంటాయి. విరిగిన ఎముక తిరిగి అతుక్కొనడమే ఇందుకు తార్కాణం.

అప్పుడే పుట్టిన శిశువు శరీరంలో ఎముకలు, ఇంకా ఎముకగా గట్టిపడుతున్న ముక్కలు కలిపి 270 నుండి 300 వరకు ఉంటాయి. వయస్సు పెరిగిన కొలది కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోయి, పెద్దవారిలో 206 మిగులుతాయి. వీటిలో 80 శరీరపు నడిమి ఇరుసుగా ఉంటాయి. పుర్రెలో 22, రెండు చెవులలో 6, గొంతులో 1, వెన్నులో 26, పక్కటెముకలు 24, రొమ్ముటెముక 1, వెరసి 80. తక్కిన 126 ఎముకలు భుజములకు, చేతులకు, కటికి, కాళ్ళకు చెందినవి. అన్నిటికంటె పొడవైనది తొడ ఎముక. అన్నిటికంటె చిన్నది చెవిలోని అంకవన్నె ఆకారపు ఎముక. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. వెన్నుపూసలు బాల్యంలో 33. అడుగున ఉన్న 5 పూసలు కలిసి ఒకే ఎముకగాను, వాటి క్రింది 4 పూసలు కలిసి మరొక ఎముకగాను మారినందున పెద్దలలో ఆ లెక్క 26 అవుతుంది.

రెండు ఎముకలు కలిసే చోటునే మనం కీలు అంటాము. పుర్రె ఎముకల నడుమ ఉన్నవి కదలని కీళ్ళు. వెన్నుపూసల నడుమ మృదులాస్థి దిండ్లు ఉన్నందున అవి కొద్దిగా మాత్రమే కదులుతాయి. భుజం, మోచేయి, మోకాలు మొదలైనవి స్వేచ్ఛగా కదిలేవి. భుజము, తుంటి బంతిగిన్నె కీళ్ళు. వాటిని అన్ని దిక్కులకు త్రిప్పవచ్చును. మోచేయి మడతబందు కీలు, తలుపు వలె ఒక ప్రక్కకే మడుగుతుంది. మెడలోని మొదటి రెండు పూసల నడుమ బొంగరపు కీలు ఉన్నందుననే తలను ఇటు అటు త్రిప్పగలుగుతున్నాము. మణికట్టులోని చిన్న ఎముకల నడుమ ఉన్నవి జారెడు కీళ్ళు. స్వేచ్ఛగా కదిలే ప్రతి కీలులోను ఎముకల కొనలను నునుపైన మృదులాస్థి కప్పి ఉంటుంది. వాటి చుట్టు ఒక సంచి, ఆ సంచి లోపలి వైపున పలుచని పొర, ఆ పొర నుండి ఊరే జిగటైన ద్రవం ఉంటాయి. బండి ఇరుసుకు కందెన ఎట్లో కీలుకు ఆ ద్రవం అట్లు. పాఠకులు ఈ పలుచని పొరను గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాము. మా కథ చివరకు అక్కడికే చేరుకొంటుంది.

ఎముకల లెక్క ఒక్కనాటిలో తేలినది కాదు. సుశ్రుతుడు 300 అన్నాడు, చరకుడు 360 అన్నాడు. దంతములను, మృదులాస్థులను కూడ కలుపుకొన్నందున ఆ సంఖ్యలు పెరిగినవి. గ్రీకు వైద్యుడు గాలెన్ క్రింది దవడలో రెండు ఎముకలున్నవని వ్రాయగా వేయి సంవత్సరములు లోకం దానిని నమ్మింది. క్రీస్తుశకం 1200 ప్రాంతమున ఈజిప్టులో భయంకరమైన కరువు వచ్చి అసంఖ్యాకులు మరణించినప్పుడు, బాగ్దాదు పండితుడు అబ్దుల్ లతీఫ్ అక్కడ గుట్టలుగా పడి ఉన్న ఎముకలను తన కన్నులతో పరిశీలించినాడు. రెండు వేలకు పైగా పుర్రెలను చూచి, క్రింది దవడ ఒకే ఎముక అని తేల్చినాడు. గ్రంథం ఎంత గొప్పదైనను కంటితో చూచినది దానికంటె నమ్మదగినదని ఆయన నిలబడి చెప్పినాడు. 1543లో యూరపు ఖండమున వెసాలియస్ ప్రచురించిన గ్రంథంతో ఆ మార్గం స్థిరపడినది. సుబ్బారావుగారు ఈ పరంపరకు చెందినవారే. ఐతే ముందటి వారు ఎముకను బయటినుండి చూడగా, ఈయన దాని లోపలికి ప్రవేశించినారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి సీమలోని భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి త్వరలోనే గతించగా, కుటుంబభారం, చదువు భారం తల్లిపై పడినవి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు నుండి ఉత్తీర్ణులైనారు. పరీక్ష తప్పినంత మాత్రాన బ్రతుకు ముగిసినదని క్రుంగిపోయే విద్యార్థులు ఈ ఒక్క విషయాన్ని మనసులో నాటుకొందురు గాక. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించి మద్రాసు వైద్యకళాశాలలో చేరినారు. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహమైనది. చదువుకు మామగారే ఆదుకొన్నారు.

ఆ దినములలోనే స్ప్రూ అనబడే వ్యాధి ఆయన సోదరుని పొట్టన పెట్టుకొన్నది. ఈ వ్యాధి వచ్చినవానికి తిన్నది ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది, మనిషి ఎముకల గూడుగా మిగులుతాడు. వైద్యం చదువుతున్న తమ్ముడు ఏమియు చేయలేక చూస్తూ ఉండవలసి వచ్చినది. ఆ నిస్సహాయతకు సమాధానం ఆయనకు చాల ఏండ్ల తరువాత లభించినది.

గాంధీజీ పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్సాలయంలో సైతం ఖద్దరు దుస్తులు ధరించినారు. అందువలన ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహానికి గురియై, పూర్తి వైద్యపట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టం పొందినారు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. అప్పుడాయన మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే అధ్యాపకులుగా చేరినారు. లోకం ఆయనను రసాయన శాస్త్రజ్ఞునిగానే ఎరుగును. కాని ఆయన మొదటి ఉద్యోగం దేహనిర్మాణం చెప్పే పంతులు ఉద్యోగం. ఎముకలు, కీళ్ళు, కండరములు ఆయన విద్యార్థులకు నేర్పిన తొలి పాఠములు.

ఎముక ఎక్కడ ఉన్నదో చెప్పుటతో ఆయన జిజ్ఞాస తీరలేదు. అది దేనితో చేయబడినది, ఎందుకు క్షీణిస్తుంది అని తెలుసుకొన గోరినారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతో, మామగారు సమకూర్చిన ధనంతో ఓడ ఎక్కి, 1922 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టను నగరం చేరినారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్ట గడుపుకొనుటకు ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచే పని చేసినారు. చదువు ముగిసిన పిమ్మట సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో చేరినారు.

అక్కడ ఆయన చేపట్టిన పదార్థం భాస్వరం. ఎముకకు గట్టిదనమిచ్చేది కాల్షియము, భాస్వరము కలిసిన లవణం. మన శరీరంలోని భాస్వరంలో సుమారు 85 శాతం ఎముకలలోను, పళ్ళలోను ఉంటుంది. రక్తంలో తిరిగేది బహుకొద్ది. ఆ కొద్దిలో హెచ్చుతగ్గులు కలిగినా ఎముకల ఆరోగ్యం తెలిసిపోతుంది. పిల్లల కాళ్ళు వంగిపోయే రికెట్స్ వ్యాధిలో రక్తంలోని భాస్వరం తగ్గుతుంది. కాని అంత స్వల్పమైన వస్తువును కొలిచే సులభమైన పద్ధతి ఆనాడు లేదు. 1925లో ఫిస్క్, సుబ్బారావు ఇరువురు కలిసి అట్టి పద్ధతిని ప్రకటించినారు. రక్తద్రవమునకు మాలిబ్డేటు మొదలైన ద్రావణములను కలిపినప్పుడు నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఇరువురి పేర్లతోనే పిలువబడుతున్న ఈ పద్ధతిని జీవరసాయన విద్యార్థులు తరతరములుగా నేర్చుకొన్నారు. ఎముకను కోయకుండ దాని యోగక్షేమాన్ని తెలుసుకొనే కిటికీ ఒకటి ఆ విధంగా తెరచుకొన్నది.

ఎముక తనంతట తాను కదలదు. దానిని కదిలించేది కండరం. కండరమునకు బలమెక్కడిది అనే ప్రశ్నకు తమ భాస్వరపు కొలతతోనే వారు సమాధానం వెదకినారు. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థమును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏ.టి.పి.ని కనుగొన్నారు. ఆ కాలంలోనే యూరపులో ఇతరులు కూడ వేరుగా ఈ పదార్థములను గుర్తించినారు. ప్రతి జీవకణం తన శక్తిని ఏ.టి.పి. రూపంలో ఖర్చుపెడుతుందని తరువాత తేలినది. మనం చేయెత్తినా, అడుగు వేసినా ఖర్చయ్యే చిల్లర నాణెం అదే. ఫాస్ఫోక్రియాటిన్ ఆ చిల్లర చాలనప్పుడు వెంటనే అందివచ్చే నిలువ. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు లభించినది. కాని ఇంత పని చేసినవానికి హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో గల లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధనలకు సారథి అయినారు. అక్కడ ఆయన దృష్టి ఎముక లోపలి మూలుగపై పడినది. వెన్నుపూసలు, రొమ్ముటెముక, పక్కటెముకలు, కటి ఎముకలలో ఉండే ఎర్రని మూలుగయే మన రక్తమునకు పుట్టినిల్లు. దినమునకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణములు అక్కడ పుడుతాయి. ఇంత వేగంగా కణములు పుట్టవలెనన్నచో ఒక సూక్ష్మ పోషకం కావలెను. 1930 దశకారంభంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భవతుల రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేసి, అట్టి పోషకమొకటి కలదని సూచించినది. అదే ఫోలిక్ ఆమ్లం. 1945లో సుబ్బారావుగారి బృందం దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగినది. స్ప్రూ రోగుల మూలుగ ఎందుకు ఎండిపోతుందో, దానిని ఎట్లు చిగురింపజేయవచ్చునో అప్పుడు తెలిసినది. సోదరుని పొట్టన పెట్టుకొన్న వ్యాధికి మందు తమ్ముని ప్రయోగశాల నుండియే వచ్చినది.

అక్కడితో కథ ఆగలేదు. మూలుగలో తెల్లకణములు అదుపుతప్పి పెరిగే రక్తపు క్యాన్సరు పిల్లలకు ఆ కాలమున మరణశాసనం. కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లం కావలెనన్నచో, దానిని వలెనే కనిపించి దాని పని చేయని పదార్థమును ఇచ్చినట్లైతే ఆ పెరుగుదల ఆగవలెను గదా! తాళములో సరిపోయే చెవి వలెనే ఉండి, లోపల దూరి, తిరుగక ఇరుక్కుపోయే దొంగ చెవి వంటిదది. సుబ్బారావుగారి బృందం అట్టి అమినాప్టెరిన్‌ను తయారుచేసి బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యునికి పంపినది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితములలో 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా వ్యాధి తగ్గినది. తాత్కాలికమే అయినను, మందుతో క్యాన్సరును వెనుకకు నెట్టవచ్చునని లోకమునకు తెలిసివచ్చినది. అమినాప్టెరిన్‌కు చెల్లెలు వంటి మెథోట్రెక్సేట్ కూడ అదే ప్రయోగశాలలో పుట్టినది. బోదకాలును కలిగించే పురుగులపై పనిచేసే హెట్రజాన్, డుగ్గర్ పండితుడు కనుగొన్న ఆరియోమైసిన్ సైతం సుబ్బారావుగారి సారథ్యంలో వెలువడినవే.

ఇన్ని పనుల నడుమ ఆయన స్వదేశమునకు తిరిగి రాలేదు. భార్య శేషగిరిగారిని విడిచి ఓడ ఎక్కిన నాటి నుండి దంపతులు మరల కలిసికొనలేదు. పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించినాడు. మహనీయుల చరిత్రలు వ్రాసేవారు విజయములను విస్తరించి వ్రాసి, ఇంటిలో ఎదురుచూచిన వారిని ఒక వాక్యంతో సరిపుచ్చుతారు. ఆయన ఋణపడిన వారిలో శేషగిరిగారు మొదటివారని మేము స్పష్టంగా చెప్పదలచినాము. 1948 ఆగస్టులో, 53 సంవత్సరముల వయస్సున, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు కన్నుమూసినారు.

ఇక పాఠకులను గుర్తుంచుకొనుమని కోరిన పలుచని పొర వద్దకు వద్దాము. కీళ్ళవాతంలో ఒక రకం కలదు. యూనానీ హకీములు కీళ్ళనొప్పులన్నిటిని వజవుల్ మఫాసిల్ అనే పేరుతో పిలిచినారు. వాటిలో ఈనాటి వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని వేరు చేసి చెప్పేది మిక్కిలి కఠినమైనది. శరీరమును కాపాడవలసిన రక్షణ వ్యవస్థ దారితప్పి, కీలులోని ఆ పలుచని పొరపైననే దాడి చేస్తుంది. పొర వాచి, దళసరియై, మృదులాస్థిని, ఎముకను కూడ కొరికివేస్తుంది. చేతివ్రేళ్ళ కణుపులు రెండు వైపుల ఒకేమారు వాస్తాయి. ప్రొద్దున లేచిన పిదప గంటసేపైనను పిడికిలి ముడుచుకొనదు. పురుషులకంటె స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ.

సుబ్బారావుగారు మరణించిన మూడేండ్లకు, 1951లో, న్యూయార్కులోని వైద్యులు కొందరు అమినాప్టెరిన్‌ను ఈ రోగులకు ఇచ్చి గుణం కనుగొన్నారు. కాని అప్పుడే కార్టిసోను అనే మందు అద్భుతంగా పనిచేస్తున్నదని పేరు పొందుటతో దీనిని ఎవరును పట్టించుకొనలేదు. కార్టిసోను దీర్ఘకాలం వాడినచో ఎముకలనే గుల్లచేస్తుందని తెలిసిన తరువాత మరల ఇటు చూచినారు. 1980 దశకంలో మెథోట్రెక్సేట్‌పై పద్ధతి ప్రకారం పరీక్షలు జరిగినవి. 1988లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఈ వ్యాధికి దానిని అనుమతించినది. నేడు లోకమంతట ఈ కీళ్ళవాతానికి వైద్యులు మొదట ఎంచుకొనే మందు అదే. క్యాన్సరుకు ఇచ్చే మోతాదులో స్వల్పభాగమే, అదియు వారమునకు ఒక్కమారే ఇస్తారు. దాని చెరుపు తగ్గించుటకు వేరొక దినమున ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. మందు, ఆ మందుకు విరుగుడు, రెండును ఒకే ప్రయోగశాలలో పుట్టినవి. ఈ చిన్న మోతాదు అడినోసిన్‌ను పెంచి వాపును చల్లార్చుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. ఆ అడినోసిన్, 1929లో ఆయన కనుగొన్న ఏ.టి.పి.లోని భాగమే గదా!

ఇక్కడ మా ప్రాంతపు పాఠకులకు ఒక హెచ్చరిక అవసరం. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గును టబ్బులలోకి ఎత్తిన పాతతరం కోల్ ఫిల్లర్ల మోకాళ్ళు, నడుములు నొప్పిపెట్టుటకు చాలవరకు కారణం వేరు. బరువులు ఎత్తి, మోకాళ్ళపై వంగి, ఏండ్ల తరబడి పనిచేసినందున మృదులాస్థి అరిగిపోతుంది. దానిని ఆస్టియో ఆర్థ్రైటిస్ అంటారు. అరుగుదలకు మెథోట్రెక్సేట్ మందు కాదు. అది రోజూ మింగే బిళ్ళ కూడ కాదు. వారమునకు ఒకమారు వేసికొనవలసిన దానిని పొరపాటున దినదినము వేసికొనిన మూలుగ దెబ్బతిని ప్రాణమునకే ముప్పు రావచ్చును. గర్భవతులు దీనిని వాడరాదు. వాడేవారికి నియమం ప్రకారం రక్తపరీక్ష, కాలేయ పరీక్ష జరుగుతూ ఉండవలెను. ఒకరి చీటీ చూచి మరొకరు మందు కొనుక్కొనే అలవాటు, కీలెరుగక వాత పెట్టుట వంటిదే.

ఎముక గట్టిదనమునకు భాస్వరపు కొలత, కదలికకు ఏ.టి.పి., మూలుగకు ఫోలిక్ ఆమ్లం, దారితప్పిన మూలుగకు అమినాప్టెరిన్, వాచిన కీలుకు మెథోట్రెక్సేట్. దేహనిర్మాణం చెప్పిన ఒక పంతులు తన పాఠమును ఇట్లు కొనసాగించినాడు. వీటిలో చివరిది కీళ్ళవరకు చేరుతుందని ఆయన ఎరుగడు, అది చేరునాటికి ఆయన లేడు. నోబెల్ బహుమానం ఆయనకు రాలేదు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం ఒక తపాలా బిళ్ళ వేసినది. ఐనను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల పట్టికలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, హెట్రజాన్‌లోని మందు మూడును ఈనాటికి నిలిచి ఉన్నవి.

మా విద్యార్థినీ విద్యార్థులు పరీక్షకై 206 అనే సంఖ్యను కంఠస్థం చేస్తారు. ఆ సంఖ్యతోపాటు, ఆ ఎముకలలో ఎర్రని మూలుగ కలదని, కీలులో పలుచని పొర కలదని, అవి బాధపడినప్పుడు ఆదుకొనే మందులలో భీమవరంలో పుట్టి మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పిన ఒక తెలుగువాని శ్రమ కలదని కూడ ఎరిగి చదివినట్లైతే, అస్థిపంజరం వారికి మరల ఎన్నడును కొక్కెమునకు వ్రేలాడే ఎముకల మోపుగా కనిపించదు.